తాత గెలిచిన ఆటలు

నిన్న సాయంత్రం ఫోన్లో పూల్ ఆడుతూ మా అబ్బాయి నల్ల బంతిని కావాలనే తప్పగొట్టాడు. బంతి మూల పాకెట్ అంచున నిలబడి ఉంది. ఊదితే పడిపోతుంది. వాడు తెల్ల బంతిని దాని పక్క నుంచి ఎటో పంపేసి, "అయ్యో" అని తల కొట్టుకుని, ఫోను నా ముందుకు జరిపాడు. నేను నల్లది వేసి గెలిచాను. "మళ్ళీ నువ్వేనా అమ్మా!" అన్నాడు. అబద్ధం ఆడితే వాడికి చెవులు ఎర్రబడతాయి. చిన్నప్పటి నుంచీ అంతే.

కొంతకాలంగా నా కుడి చెయ్యి వణుకుతోంది. ఆఫీసులో సంతకం పెట్టేటప్పుడు ఎవరూ చూడకుండా ఎడమ చేత్తో మణికట్టు పట్టుకుంటున్నాను. ఇక్కడ సుక్మాలోనే ఒక డాక్టరుకు చూపించుకున్నాను. భయపడాల్సిందేమీ లేదు, కొన్ని ఇళ్ళలో వస్తుంటుంది, మీ పెద్దవాళ్ళలో ఎవరికైనా ఉండేదా అని ఆయన అడిగాడు. మా తాతకు ఉండేదని చెప్పాను. ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా మా అబ్బాయి ఉన్నట్టుండి ఫోన్లో ఈ ఆట పెట్టి, రోజూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఓడిపోవడం మొదలుపెట్టాడు. నిన్న ఆ ఎర్రబడ్డ చెవులు చూశాక దోర్నపాల్ ఇంటి చింతపండు వాసన నన్ను వదలడం లేదు.

నా చిన్నతనంలో దోర్నపాల్ అంటే జగదల్‌పూర్ నుంచి కోంటకు పోయే రోడ్డుకు అటూ ఇటూ నిలబడ్డ దుకాణాలే. రోడ్డు మీదికి మా దుకాణం, దాని వెనక ఇల్లు. ఎండాకాలం వచ్చిందంటే ఇల్లంతా చింతపండే. వాకిట్లో చాపల మీద, వరండాలో బుట్టల్లో, చివరికి నేను చదువుకునే గదిలోనూ. మా హిందీ పుస్తకాల అట్టలు కూడా జిగురుగా ఉండేవి. ఇప్పపువ్వు దిగిన వారాల్లో ఆ తీపి వాసనకు తల దిమ్మెక్కిపోయేది. "తాగకుండనే నిషా ఎక్కుతాంది ఈ ఇంట్ల" అని నాయనమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని సణిగేది. నేను వేయించిన చింతగింజలు బుగ్గన పెట్టుకుని బస్తాల మీద దొర్లేదాన్ని. ఆ బస్తాల మీద దొర్లవద్దని నాయనమ్మ అరవని రోజు లేదు, నేను దొర్లని రోజూ లేదు.

తక్కెడ మాత్రం మా తాత చేతిదే. సంత రోజున పల్లెల నుంచి దిగినవాళ్ళు తాత ముందు గొంతుక్కూర్చుని తక్కెడ ముల్లుకేసి చూస్తుండేవారు. తాత చెయ్యి గాల్లో అట్లాగే నిలిచి ఉండేది. ముల్లు ఊగి ఊగి నిటారుగా నిలబడ్డాక తల ఊపేవాడు. అంతే, మాటా పలుకూ ఉండదు. తూకం వేసేవాడి చెయ్యి కదిలిందంటే వాళ్ళ లెక్కలో తూకం కదిలినట్టే. ఆ ఒక్క అనుమానం చాలు, మరుసటి సంతకు బండి ఎదురు దుకాణం ముందు ఆగడానికి.

సాయంత్రమైతే అదే చెయ్యి క్యారమ్ బోర్డు మీద ఉండేది. దుకాణం అరుగు మీద బోర్డు పరిచి, బోరిక్ పౌడరు చల్లి, తాత స్ట్రైకరు పట్టుకున్నాడంటే రోడ్డు మీద పోయేవాళ్ళు సైకిలు దిగేవారు. తాతకు సరిజోడు ఒక్కడే. గొల్లపల్లి నుంచి ఎద్దుల బండి మీద చింతపండు తెచ్చే రైతు, దోర్ల తెగ మనిషి. తాతా ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. నేను ఆయన్ని గొల్లపల్లి తాత అనేదాన్ని. సరుకు తూచడం అయ్యాక ఒక్క బోర్డు ఆడనిదే ఆయన బండి కట్టేవాడు కాదు. ఆటలో ఇద్దరికీ పంతం నడుమ ఉండే ఎర్ర రాణికాయ, రెడ్డు కోసమే; అది వేశాక వెంటనే ఫాలోగా ఇంకో కాయ పడితేనే లెక్క. "రెడ్డు ఏసినోడే మొగోడు" అని తాత అంటే, "ఫాలో ఏసినంక మాట్లాడు బావా" అని ఆయన పొగాకు నోట్లో కుక్కుకునేవాడు.

గొల్లపల్లి తాత నాకోసం ఆకుదొప్పలో చాప్‌డా తెచ్చేవాడు. ఎర్రచీమలు, మిరపకాయలు కలిపి నూరిన పచ్చడి. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప దాటకూడదు. బండి వెనక నక్కి కూర్చుని వేలితో నాకితే పులుపుకు చెవుల దాకా జివ్వుమనేది. ఇంట్లోకి వెళ్ళగానే నాయనమ్మ నా మూతి వాసన చూసి, "చింతపండు తిన్నవా?" అనేది. ఔననేదాన్ని. దేవుడి దయవల్ల రెండూ పులుపే.

ఒక ఏడు చింతపండు మొదలైన కొత్తలో తాత చెయ్యి వణకడం మొదలైంది. ఒక సాయంత్రం స్ట్రైకరు ఆయన వేళ్ళ కింద టకటకమని కొట్టుకుని, గురి లేకుండా పోయి బోర్డు అవతల పడింది. ఎవరో నవ్వారు. మర్నాడు బోర్డు అటకెక్కింది. "కండ్లు ఆనుతలేవు" అన్నాడు తాత. మా నాన్న ఆ రోజే, "తక్కెడ పట్టుడు నాకు ఎప్పుడు నేర్పుతవ్ నాయనా?" అని అడిగి తీసుకున్నాడు, అంతకుముందు దాని జోలికి పోనివాడు. టీ కప్పు సాసర్లో గలగలమంటోందని నాయనమ్మ కప్పులూ సాసర్లూ కట్టకట్టి పెట్టెలో దాచేసి, అందరికీ స్టీలు గ్లాసుల్లో సగం సగం పోయడం మొదలుపెట్టింది. తాత చేతిని కండువా కింద దాచుకునేవాడు. మేము ఆ కండువా వైపు చూడకుండా అన్నం తినేవాళ్ళం. ఇంతమంది కలిసి ఒక చేతిని చూడకుండా ఉండడం ఎంత కష్టమో మా ఇంట్లోవాళ్ళకే తెలుసు.

గొల్లపల్లి తాతకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. సంతకు వచ్చి, అరుగు మీద బోర్డు లేకపోవడం చూసి, "ఏంది బావా, ఆట లేదా?" అన్నాడు.

"కండ్లు ఆనుతలేవు బావా. బంద్ చేసిన."

ఆయన కాసేపు అక్కడే కూర్చున్నాడు. ఈలోగా తాత, ఎదురు దుకాణం మీద బస్సు టైములు రాసిన బోర్డు ఇక్కడినుంచే చదివి ఎవరికో చెప్పాడు. అలవాటుగా చెప్పేశాడు పాపం. గొల్లపల్లి తాత లేచి, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. మరుసటి సంతకు ఆయన బండి ఎదురు దుకాణం ముందు ఆగింది. తాత గడపలో నిలబడి, బండిలోంచి ఒక్కో బుట్టే దిగడం చూశాడు. ఆ మధ్యాహ్నం నాయనమ్మ తాతకిష్టమని చింతచిగురు పప్పు చేసింది. తాత ముద్ద కలిపి, అట్లాగే వదిలేసి లేచాడు. నాకు ఏడుపొచ్చింది. నా చాప్‌డా పోయిందని కూడా ఏడ్చాననుకోండి, అది వేరే సంగతి.

అట్లాంటి రోజుల్లో మా చిన్నాయన జగదల్‌పూర్ నుంచి కంప్యూటరు తెచ్చాడు. ఎవరో వాడి వదిలేసినదాన్ని బొంతలో చుట్టి, బస్సులో చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. దరఖాస్తులు టైపు చేసిచ్చే దుకాణం పెడతానని ఆయన ఆశ. వాన పడినా కురవని గది ఇంట్లో చింతపండు గదే కాబట్టి, దాన్ని బస్తాల మధ్య పెట్టారు. నాయనమ్మ దానికి బొట్టు పెట్టి అగరొత్తి వెలిగించింది. దరఖాస్తులవాళ్ళు ఎవరూ రాలేదు గానీ అందులో ఒక ఆట ఉందని మాకు తెలిసింది.

తెర మీద పచ్చటి బట్ట పరిచిన బల్ల. బల్లకు మూలల్లో, నడుమ కన్నాలు. రంగురంగుల బంతులు ముక్కోణంలా పేర్చి ఉన్నాయి. అట్లాంటి బల్లను మేమెవరం ఎప్పుడూ చూసి ఎరగం.

"గంత మంచి బట్టకు బొక్కలేందిరా?" అంది నాయనమ్మ.

అది పూల్ అని, కర్రతో తెల్ల బంతిని కొట్టి మిగతావాటిని ఆ బొక్కల్లో వెయ్యాలని చిన్నాయన చెప్పాడు. మౌసుతో కర్ర తిప్పాలి. మా మౌసు బస్సులోనే చచ్చింది. అందుకని మీటలతోనే నేర్చుకున్నాం. పక్క బాణాలు నొక్కితే చుక్కల గీత తిరుగుతుంది, అదే గురి. పై బాణం నొక్కితే బలం పెరుగుతుంది. అన్నీ కుదిరాక పెద్ద మీట ఒక్కసారి నొక్కాలి. మొదట్లో నేను కొట్టిన దెబ్బలకు తెల్ల బంతే కన్నంలోకి పోయేది. బలం ఎంత పెడితే అంత గొప్ప అనుకునేదాన్ని.

తాత గుమ్మంలో నిలబడి చూసేవాడు, చేతులు వెనక్కి కట్టుకుని. ఒక రోజు ఆపుకోలేక, "దాన్ని కొట్టకే పిల్లా. ఆ గోడకు కొట్టు, తిరిగొచ్చి తగుల్తది" అన్నాడు. కొట్టాను. తిరిగొచ్చి తగిలింది. "ఇప్పుడు మెల్లగ. జరంత" అన్నాడు. అదీ పడింది.

"నువ్వే రా తాతా. ఊరికె నొక్కుడే" అన్నాను. ఏదో ఆలోచించి అనలేదు. నిజంగానే ఊరికే నొక్కడమే కదా.

తాత చాలాసేపు ఆ మీటలకేసి చూశాడు. తర్వాత వచ్చి కూర్చుని, కండువా కింద నుంచి చెయ్యి బయటికి తీశాడు. అది వణుకుతూనే మీట మీదికి వచ్చింది, వణుకుతూనే నొక్కింది. తెర మీద గీత వణకలేదు. బంతి పోవాల్సిన చోటికి తిన్నగా పోయింది. తాత ఒకసారి బంతిని, ఒకసారి చేతిని చూసుకున్నాడు.

ఇక మా తాత ఎట్లా ఆడాడంటే, క్యారమ్ ఎట్లా ఆడతాడో అట్లాగే ఆడాడు. ముక్కోణం నడుమ నల్ల బంతి ఒంటరిగా కూర్చుని ఉంది. క్యారమ్ బోర్డు నడుమ రెడ్డు కూర్చున్నట్టే. "అదే రాణి" అన్నాడు. మిగతావన్నీ వదిలేసి దాని వెంట పడ్డాడు. రెండు గోడలకు కొట్టి, ఏవో బంతుల సందులోంచి దూర్చి, నల్లదాన్ని వేసేశాడు. వెంటనే ఆట ఆగిపోయి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి, టపాకాయలు పేలాయి.

"రాణి పడంగనే ఆటే ఖతం! గెలిచిన!" అన్నాడు తాత. ఆ ముఖంలో అంత వెలుగు మేము చూసి చాలా రోజులైంది.

చిన్నాయన ఇంగ్లీషు చదివాడు. నల్లది చివరికి వెయ్యాలి, ముందే వేస్తే ఓడినట్టు. తెర మీద గెలిచినవాళ్ళకు వెలిగే బొమ్మ కప్పు కూడా తాత వైపు కాక, ఎదురు ఆడే కంప్యూటరు వైపే వెలిగింది. నేను దాన్ని చూపించబోతే చిన్నాయన నా తొడ మీద గట్టిగా గిల్లి, "గెలిచినవ్ నాయనా" అన్నాడు. చెబితే మళ్ళీ ఆ చెయ్యి కండువా కిందికి పోతుందని ఆయన భయం. వంటింట్లో నాకూ నాయనమ్మకూ అదే చెప్పాడు. నాయనమ్మ బెల్లంముక్క తెచ్చి తాత చేతిలో పెట్టింది. ఆ తర్వాత ప్రతి సాయంత్రం తాత నల్లదాన్ని ముందే వేసి గెలిచేవాడు, నాయనమ్మ బెల్లం పెట్టేది, మేమందరం చప్పట్లు కొట్టేవాళ్ళం.

ఒక సంత రోజు తాత నన్ను పిలిచి, "పోయి మీ గొల్లపల్లి తాతను తోల్కరా. కొత్త బోర్డు వచ్చిందని చెప్పు" అన్నాడు. వింటున్న చిన్నాయన ముఖం పాలిపోయింది.

సంతలో ఆయన బండి నీడన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి మొదట ముఖం తిప్పుకున్నాడు గానీ, ఆకుదొప్ప మాత్రం ముందుకు తోశాడు. నేను నాకడం మొదలుపెట్టాక అడిగాడు.

"మీ తాతకు కండ్లొచ్చినయా?"

"వచ్చినయ్. నువ్వు రావాల్నంట."

చింతపండు గదిలో ఆయన్ని ఒక బస్తా మీద కూర్చోబెట్టారు. తాత ఎంతో దర్జాగా కుర్చీ జరుపుకుని, కండువా సర్దుకుని, చెయ్యి బయటపెట్టి ఆట మొదలుపెట్టాడు. గోడకు కొట్టి నల్లదాన్ని వేశాడు. టపాకాయలు పేలాయి. మేము చప్పట్లు కొట్టాం.

గొల్లపల్లి తాత తెరను చూడనే లేదు. "ఏంది బావా" అన్నాడు పెద్దగా, "చెయ్యి అట్ల వణుకుతాంది?"

చప్పట్లు ఆగిపోయాయి. నాయనమ్మ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ ఇంటిల్లిపాదీ చుట్టూ తిరిగిన మాటను ఆయన ఒక్కసారిగా నట్టింట్లో పెట్టేశాడు. ఆయన్ని పిలుచుకొచ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

"ఎప్పటి సంది బావా?"

"చింతపండు మొదలైన కాడినుంచి" అన్నాడు తాత, తల దించుకుని.

"అయితే కండ్లు కాదన్నట్టు."

"కాదు."

"ఓరి నీ! నా మీద అలిగినవనుకున్న. అడివోనితోని ఆట ఏందని అనుకున్నవేమోనని ఇంటికి పోయి అన్నం తినలే. నాలుగిండ్లకు వినబడేటట్టు చెప్పేది మానేసి, చెయ్యి దాచుకుంటవా? దొంగతనం చేసినవా ఏంది?"

తాత కండువా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చెయ్యి బల్ల మీద అందరి ముందూ వణుకుతోంది. తెరకేసి చూసి అడిగాడు, "చిన్నోడా, ఆ కప్పు ఎవనికి పోయింది?"

చిన్నాయన చటుక్కున తెరకు అడ్డం జరిగాడు.

"ముల్లు ఏ దిక్కు వాలిందో చూసుకుంట బతికినోన్ని. కప్పు ఏ దిక్కు పోతాందో కానరాదారా? మొదటి దినమే ఎరుక నాకు."

"మరి చెప్పలేదేంది నాయనా?"

"ఎట్ల చెప్పాలె? మీరంత సంబురపడ్తాంటిరి. మీ అమ్మ దినాం బెల్లం పెట్టబట్టె."

నాయనమ్మ గ్లాసులు కింద పెట్టేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. "నీ చెయ్యి సంగతి మాకు మాత్రం ఎరుక లేదా? మేం చెప్పినమా?" అంది. ముందుగా పగలబడి నవ్వింది గొల్లపల్లి తాతే. తర్వాత తాత. ఆ నవ్వుకు గుమ్మం దగ్గరికి మా నాన్న తక్కెడతో సహా పరిగెత్తుకొచ్చాడు.

అప్పుడు చిన్నాయన అసలు రూలు చెప్పాడు. నల్లది చివర్న, ఎవరి వంతు బంతులు వాళ్ళు వేసేశాక. ఇద్దరు బావలూ ఒకే కుర్చీలో చెరిసగం కూర్చుని ఆడారు. గొల్లపల్లి తాత మీట నొక్కాల్సిన చోట గుద్దేవాడు. సగం ఆటలో కరెంటు పోయి, కంప్యూటరు కింది బ్యాటరీ పెట్టె ఇక కాసేపే అన్నట్టు కూతలు పెట్టింది. "జల్దీ, జల్దీ" అని చిన్నాయన అరుస్తున్నా తాత తొందరపడలేదు. తన బంతులన్నీ అయ్యాయి, నల్లది మిగిలింది. వణుకుతున్న వేలితో నొక్కాడు. నల్లది పడింది. దాని వెంటే తెల్లదీ పడింది. అట్లా పడితే ఓడినట్టేనట. కప్పు గొల్లపల్లి తాత పక్కన వెలిగింది, మరుక్షణం తెర నల్లబడిపోయింది.

"ఓడిన" అన్నాడు తాత. ఆ మాట ఎంత హాయిగా అన్నాడో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ సాయంత్రమే క్యారమ్ బోర్డు అటక దిగింది. బోరిక్ పౌడరు లేదు. నేను నాయనమ్మ ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా మొత్తం బోర్డు మీద గుమ్మరించాను. మల్లెపూల వాసన మధ్య తాత స్ట్రైకరు టకటకమని కొట్టుకుంటూ, దారి తప్పుతూ, అందరి చేతిలోనూ ఓడిపోయాడు. నా చేతిలో కూడా. నాయనమ్మ పెట్టె తెరిచి కప్పులూ సాసర్లూ బయటికి తీసింది. అవి గలగలమంటే ఎవరూ తలెత్తలేదు. సంత రోజున తాత తక్కెడ పక్కనే కూర్చుని, "నా చెయ్యి వణుకుతది, మా వాడు పడ్తడు, ముల్లు నేను చూస్త" అని వచ్చినవాళ్ళందరికీ తానే చెప్పేవాడు. ఒక్క బండీ ఎదురు దుకాణానికి పోలేదు.

ఆ తర్వాతి ఏళ్ళు వేరు. అడవుల్లో తుపాకుల పోరు మొదలై దారులు మూసుకుపోయాయి, కరెంటు స్తంభాలు కూలిపోయి వారాల తరబడి చీకట్లో ఉన్నాం, సంత చిక్కిపోయింది. గొల్లపల్లి బండి రావడం మానేసింది. ఆయన కొడుకులతో కలిసి భద్రాచలం వైపు మిరప చేలకు వెళ్ళిపోయాడని ఎవరో చెప్పారు. సంత రోజున తాత బోర్డు పరిచి, పౌడరు చల్లి, ఎదురుగా ఉన్న చోటు ఖాళీగా ఉంచి, పొద్దుగూకే దాకా చూసేవాడు. ఆ చోట నన్ను కూడా కూర్చోనిచ్చేవాడు కాదు. కంప్యూటరును చింతపండు చెమ్మ తినేసింది. తాత పోయాడు. ఆ చింతపండు గది ఉన్న చోట రోడ్డు వెడల్పయి ఇప్పుడు లారీలు పోతుంటాయి. మా అబ్బాయికి అక్కడ ఒక ఇల్లు ఉండేదని చెబితే బస్సు కిటికీలోంచి చూసి, "ఎక్కడ?" అంటాడు.

ఇవాళ సాయంత్రం మళ్ళీ ఆడాం. వాడి బంతులన్నీ అయిపోయాయి. నల్లది అంచున ఉంది. వాడు గురిని పక్కకు జరపడం చూశాను. మణికట్టును పట్టుకుని ఉన్న ఎడమ చేతిని తీసేసి, కుడి చేతిని బల్ల మీద పెట్టాను.

"సరిగ్గా కొట్టు" అన్నాను. "నా చెయ్యి వణుకుతోంది. నీకు తెలుసని నాకు తెలుసు."

వాడి చెవులు కందగడ్డలయ్యాయి. నా చేతినే చూస్తూ మెల్లగా అడిగాడు.

"ఎప్పటి నుంచి అమ్మా?"

చెప్పాను. డాక్టరు సంగతి, సంతకాల సంగతి, తాత సంగతి, అన్నీ. వాడు విని, గురి మళ్ళీ సరిచూసుకుని నల్లదాన్ని కొట్టాడు. పడింది. "ఓడిపోయావు" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

"ఓడాను. పో, టీ తీసుకురా. గ్లాసులో వద్దు, కప్పూ సాసరూ."

తెచ్చాడు. నేను అందుకుంటే గలగలమంది. వాడు పట్టుకోవడానికి చెయ్యి చాపలేదు. పక్కన కూర్చుని కొత్త ఆటకు బంతులు పేర్చాడు.